బెజవాడ నీటి ఒడ్డు తోటలు: దుర్గా ఘాట్ నుంచి బుడమేరు దాకా

కార్తీక మాసంలో బెజవాడ వస్తే నీళ్ల పక్కన జనం ఎలా మసలుతారో కళ్లారా చూడొచ్చు. వానలు తగ్గుతాయి, ఎండ ఇంకా ముదరదు, నది ఒడ్డు తెల్లవారకముందే నిండిపోతుంది. ఇక్కడి ఘాట్లు, కాలువ గట్లు, పార్కులు చూస్తూ సాగే ఈ అయిదు రోజుల నడకకు ఒక టేపు, చిన్న మట్టపు బద్ద, నోటుబుక్కు ఉంటే చాలు. ఈ ఊళ్లో నీళ్లు కొన్నాళ్లు అసలుండవు, కొన్నాళ్లు ఆపినా ఆగవు. ఆ రెండు రకాల రోజుల్నీ ముందే లెక్కలో వేసుకుని కట్టిన చోటే పదేళ్ల తర్వాత కూడా జనానికి పనికొస్తుంది. ఎక్కడ ఆ లెక్క కుదిరింది, ఎక్కడ తప్పింది అన్నదే అడుగడుగునా చూడాలి.

మొదటి రోజు: ఘాట్లు, బ్యారేజీ

తెల్లవారుజామున అయిదింటికల్లా దుర్గా ఘాట్‌లో ఉండాలి. నదిని తర్వాత చూడొచ్చు, ముందు స్నానానికి దిగేవాళ్ల పాదాలు చూడండి. పైమెట్ల మీద మాట్లాడుకుంటూ గబగబా దిగినవాళ్లు నీళ్లు తగిలే చోటికి రాగానే పక్కవాళ్ల చెయ్యి పట్టుకుంటారు. పాచి పట్టేది అక్కడే. ఎప్పుడూ మునిగి ఉండే మెట్టు కన్నా, ఒకరోజు తడిసి ఒకరోజు ఆరే మెట్టు మీద పాచి ఎక్కువ జారుతుంది. నూనె దీపాలు వెలిగించే నెలలో దానికి నూనె జిడ్డు కూడా తోడవుతుంది. అందుకని ఈ నాలుగైదు మెట్లకు నున్నగా పాలిష్ పట్టిన గ్రానైట్ అసలు వాడకూడదు. ఉలి దెబ్బలతో గరుకు తేల్చిన రాయి వేసి, ప్రతి మెట్టుకూ బయటివైపు మీటరుకు ఒక సెంటీమీటరు వాలు ఇవ్వాలి. కార్తీకంలో రోజూ, మిగతా కాలంలో వారానికి రెండుసార్లు గట్టి బ్రష్షుతో రుద్దాలి. బ్లీచింగ్ చల్లి వదిలేస్తే పాచి తెల్లబడుతుందే తప్ప రాయిని వదలదు.

మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు, వెడల్పు 35 ఉంటే ముసలివాళ్లు కూడా తడిబట్టలతో ఎక్కగలరు. టేపు పెట్టి వరసగా పది మెట్లు కొలిచి చూడండి. పాత మెట్ల మీద కొత్త కాంక్రీటు పోసి బాగుచేసిన చోట్ల అన్నిటికన్నా పైమెట్టో, అన్నిటికన్నా కిందిదో మిగతావాటికి రెండు మూడు సెంటీమీటర్లు తేడాగా ఉంటుంది. కాలు మొదటి మూడు మెట్లకే ఒక ఎత్తుకు అలవాటు పడిపోతుంది, ఆ తేడా దగ్గరే తట్టుకుంటుంది. గొలుసులు కట్టిన ఇనుప స్తంభాల మొదళ్లు కూడా చూడాలి. స్తంభం కాంక్రీటులోంచి బయటికి వచ్చే చోట చిన్న గుంట ఉండి నీళ్లు నిలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. పైనుంచి చూస్తే రంగు బాగానే ఉంటుంది, లోపల ఇనుము తినేసి ఉంటుంది. స్తంభం చుట్టూ సిమెంటుతో చిన్న దిమ్మ కట్టి వాలు ఇస్తే ఆ బాధ ఉండదు.

అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీ మీదికి నడవాలి. ఇక్కడ మొదటి ఆనకట్ట 1855లో పూర్తయింది. 1952లో దానికి గండి పడ్డాక కొత్త బ్యారేజీ కట్టి 1957లో ప్రారంభించారు. పొడవు 1,223.5 మీటర్లు, 70 గేట్లు. ఎగువన నీటిమట్టాన్ని సముద్రమట్టానికి 57.05 అడుగుల ఎత్తున నిలబెడతారు, నిల్వ 3.07 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ఘాట్లు కట్టేవాళ్లకు ముఖ్యం ఈ మట్టమే. బ్యారేజీ ఎగువన ఉన్న దుర్గా ఘాట్, పున్నమి ఘాట్ దగ్గర మామూలు రోజుల్లో నీరు దాదాపు ఒకే మట్టంలో నిలిచి ఉంటుంది. అక్కడ చెట్టు, బెంచీ, మెట్టు అన్నీ నీటికి దగ్గరగా పెట్టుకోవచ్చు. గేట్లకు దిగువన ఉన్న పద్మావతి ఘాట్, కృష్ణవేణి ఘాట్ సంగతి వేరు. పైన గేట్లు మూసి ఉన్నన్నాళ్లూ అక్కడ కనిపించేవి ఇసుక, బండలు, మడుగులే. వరదొస్తే ఆ మెట్లే మునిగిపోతాయి.

ఈ తేడా తెలిసీ రెండువైపులా ఒకే నమూనా ఘాట్ కట్టడమే అసలు తప్పు. దిగువన నీళ్లు లేని నెలలే ఎక్కువ కాబట్టి అక్కడి మెట్లను స్నానానికి కన్నా కూర్చోవడానికని కట్టాలి. మామూలు మెట్ల మధ్య 45 సెంటీమీటర్ల ఎత్తు, 80 సెంటీమీటర్ల లోతు ఉన్న పెద్ద మెట్లు వేస్తే సాయంత్రం గాలికి వచ్చినవాళ్లు వీపు ఆనించి కూర్చుంటారు. చెట్లన్నీ పై వరసలోనే ఉండాలి. కింది వరసలో రాయి, గడ్డి తప్ప మరేదీ పెట్టకూడదు. దీపస్తంభాల్లో ఫ్యూజు పెట్టె నేల దగ్గర కాకుండా పైన ఉండాలి. దుకాణాలు చక్రాల బండ్ల మీద ఉండాలి.

దసరా నాటి తెప్పోత్సవం కూడా ఇదే చెబుతుంది. నదిలో ప్రవాహం ఎక్కువగా ఉన్న ఏళ్లలో హంస వాహనాన్ని విహారానికి వదలకుండా ఒడ్డునే కట్టి ఉంచి పూజ జరిపించారు. అంత పెద్ద పండుగే నీటిని బట్టి మారుతుంటే పార్కు ఎందుకు మారకూడదు?

వరద తీశాక మెట్ల మీద మిగిలే ఒండ్రు గురించి ఒక ముఖ్యమైన మాట. తడిగా ఉన్నప్పుడే, మట్టం దిగిన రెండు రోజుల్లోగా, పైమెట్టు నుంచి కిందికి నీళ్ల పైపుతో కొట్టుకుంటూ రావాలి. ఒకసారి ఎండితే గునపంతో పెళ్లగించాలి, అప్పుడు రాయి అంచులు పగులుతాయి. నీరు దిగుతున్న కొద్దీ రోజుకు అయిదారు మెట్లు కడుక్కుంటూ వెళ్లే ముఠా ఉంటే ఖర్చు తక్కువ, పని తేలిక.

రెండో రోజు: కాలువ గట్లు

బ్యారేజీ ఎడమవైపు బయల్దేరిన నీరు ఊళ్లోనే ఏలూరు, రైవస్, బందరు కాలువలుగా చీలుతుంది. నగరానికి ఇంతకన్నా పెద్ద ఆస్తి లేదు. ఏ పార్కుకైనా మోటారు పెట్టి నీళ్లు పారించాలి. ఇక్కడ మోటారు లేకుండానే వీధి పక్కన నది పారుతోంది. కెనాల్ రోడ్డు దగ్గర మొదలుపెట్టి ఏలూరు కాలువ వెంట గుణదల మీదుగా రామవరప్పాడు వైపు నడవండి. కాలువ కనిపించే చోట్లు ఎన్ని, కనిపించినా దగ్గరికి వెళ్లలేని చోట్లు ఎన్ని అని రాసుకోండి.

గట్టు మీద చెట్లు నాటుదామన్న ఉత్సాహం అందరికీ ఉంటుంది. నీటిపారుదల ఇంజినీర్లు ఒప్పుకోరు, వాళ్ల మాటలో న్యాయం ఉంది. మట్టిగట్టులో పెద్ద చెట్టు వేరు చచ్చిపోతే ఆ వేరున్న దారి గొట్టంలా మిగిలిపోతుంది. దాని గుండా నీరు ఊరి, మట్టిని కొద్దికొద్దిగా లాక్కెళ్లి చివరికి గండి పెడుతుంది. కాబట్టి లోపలి వాలు మీద గరిక, వట్టివేరు మాత్రమే వేయాలి. వట్టివేరు పిలకల్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల ఎడంతో అడ్డ వరసలుగా నాటితే వేళ్లు రెండు మూడు మీటర్ల లోతుకు నిలువుగా దిగి మట్టిని పట్టేస్తాయి. చెట్లు గట్టు బయటి పాదం దగ్గర, రోడ్డు వైపు ఉండాలి. కానుగ, పొగడ, గంగరావి, వేప ఎనిమిది మీటర్లకొకటి చొప్పున నాటవచ్చు. కోనోకార్పస్ తొందరగా పచ్చగా కనిపిస్తుందని నాటేస్తారు. దాని వేళ్లు నీటి కోసం పైపుల్లోకి, డ్రైన్లలోకి దూరతాయి. కాలువ పక్కన దానికి చోటివ్వకూడదు.

ఏటా వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక తీయాలి, గుర్రపుడెక్క లాగాలి. పొక్లెయిన్ రావాలంటే గట్టు మీద నాలుగు మీటర్ల దారి కావాలి. ఈ దారి మరిచిపోయి బెంచీలు, పూలకుండీలు, రెయిలింగు కాంక్రీటులో పాతేస్తే మొదటి వేసవికే యంత్రం వాటిని పీకి పక్కన పడేస్తుంది. మళ్లీ పెట్టేవాళ్లుండరు. రెయిలింగును రెండు మీటర్ల పలకలుగా చేసి, నేలలో పాతిన గొట్టాల్లో దించి బోల్టు వేస్తే యంత్రం వచ్చిన రోజు ఇద్దరు మనుషులు ఊడదీసి పక్కన పెడతారు. ఎత్తు 1.1 మీటర్లు, నిలువు కమ్మీల మధ్య సందు 10 సెంటీమీటర్లు దాటకూడదు. అడ్డ కమ్మీలు పెడితే పిల్లలు మెట్లెక్కినట్టు ఎక్కుతారు.

కాంక్రీటు లైనింగు వేసిన కాలువలో పడినవాళ్లు ఈత వచ్చినా బయటికి రాలేరు. వాలు నున్నగా ఉండి పట్టు దొరకదు, ప్రవాహం లాగేస్తుంది. యాభై మీటర్లకొకచోట లైనింగులో ఇనుప మెట్లు దించి, వాటికి పసుపు రంగు వేయాలి. వంతెనల దిగువన కాలువకు అడ్డంగా, నీటిని తాకేలా ఒక తాడు కట్టి ఉంచాలి. వీటికయ్యే ఖర్చు ఒక అలంకార తోరణం ఖర్చులో చిన్న ముక్క. అయినా అంచనాల్లో ముందు కోత పడేది వీటికే. ప్రాణాలు కాపాడే వస్తువుల్ని అంచనాలో మొదటి వరసలో రాయాలి.

ఇక మురుగు. కాలువ కట్టేసిన నెలలో అడుగు కనిపిస్తుంది కాబట్టి ఎక్కడెక్కడ పైపులు దిగుతున్నాయో అప్పుడే నడిచి లెక్కపెట్టాలి. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు చేసిన సర్వేలో సగం దొరకవు. ఒడ్డు వెంట అడ్డుకునే డ్రైను ఒకటి వేసి, ప్రతి పైపు దగ్గర మట్టి దిగే తొట్టె, తక్కువ ఎత్తు గోడ కట్టాలి. వాన లేని రోజు మురుగు ఆ గోడ దాటలేక డ్రైనులోకి, అక్కడి నుంచి పంపింగ్ స్టేషనుకు పోతుంది. పెద్ద వానప్పుడు మాత్రం గోడ దాటి కాలువలోకి పొర్లుతుంది. తొట్టెకు ముందు ఏటవాలు జాలి, కమ్మీల మధ్య 25 మిల్లీమీటర్లు. ఆ జాలిని రోజూ పారతో గీకే మనిషి లేకపోతే కవర్లు అడ్డుపడి నీళ్లు వీధిలోకి ఎదురెక్కుతాయి. అప్పుడు ఆ వీధివాళ్లే జాలి పీకేస్తారు. తేలే తడికెల మీద మెట్టతామర పెంచి నీటిని శుద్ధి చేయాలన్న ఆలోచన కదలని చెరువుకు బాగా పనికొస్తుంది. పారే కాలువలో తడికెలు తెగి కొట్టుకుపోయి తూముల్ని మూసేస్తాయి.

మూడో రోజు: ఫౌంటెన్లు, పచ్చిక

పాత పీడబ్ల్యూడీ గ్రౌండ్‌లోని అంబేడ్కర్ స్మృతివనం 2024 జనవరి 19న తెరుచుకుంది. 81 అడుగుల పీఠం, దాని మీద 125 అడుగుల విగ్రహం, చుట్టూ తోట, నీటి కొలనులు. ఎండ పూట ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి జనం ఎక్కడ నిలబడుతున్నారో చూడండి. తర్వాత కృష్ణ ఒడ్డుకు దగ్గర్లోని రాజీవ్ గాంధీ పార్కుకు వెళ్లి రెండూ పోల్చి చూడండి. ఎక్కడైనా జనం ముందు వెతుక్కునేది నీడ. నీళ్ల పక్కన నీడ ఉంటే అక్కడే చేరతారు.

ఫౌంటెన్ లెక్కలు తెలిస్తే చాలా నమూనాలు కాగితం మీదే ఆగిపోతాయి. 20 మిల్లీమీటర్ల నాజిల్‌తో పది మీటర్ల ఎత్తుకు జెట్ కొట్టాలంటే సెకనుకు దాదాపు నాలుగున్నర లీటర్లు కావాలి, పైపుల్లో పోయే ఒత్తిడి కలుపుకుని ఒక్క జెట్‌కు ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు. ఆ జెట్ నుంచి తొట్టె అంచు దాకా కనీసం పది మీటర్లు వదలాలి. లేకపోతే కృష్ణ మీది గాలికి నీళ్లు దారిలో పడి రాళ్లు జారతాయి, తొట్టె రోజూ తగ్గిపోతుంది. గాలి వేగం చూసి మోటారును తగ్గించే మీటరు పెట్టకపోతే సాయంత్రాలు ఆపేయక తప్పదు.

మొగలాయి తోటల్లో చాదర్ అనే ఏర్పాటు ఉంటుంది. 1619లో జహంగీర్ కాలంలో మొదలైన కశ్మీర్ షాలిమార్ బాగ్‌లో నీళ్లు కొండ మీది నుంచి వాలుకే దిగి ఫౌంటెన్లను ఆడించేవి. చాదర్ అంటే ఏటవాలుగా నిలిపిన, చెక్కుడు పని ఉన్న రాతి పలక. దాని మీద పల్చగా జారే నీరు చెక్కుళ్లకు తగిలి తెల్లగా మెరుస్తూ, గలగలమంటుంది. రెండు మీటర్ల వెడల్పు పలక మీద సెకనుకు మూడు లీటర్లు, ఒకటిన్నర మీటర్ల ఎత్తు నుంచి దింపితే వంద వాట్ల పంపు సరిపోతుంది. సౌర పలకతోనే నడుస్తుంది. నీళ్లు ఆపినా చెక్కిన రాయి చూడటానికి బాగుంటుంది. ఎండిపోయిన జెట్ తొట్టెలో కనిపించేవి నల్ల పైపులు, తెగిన వైర్లు. మన రాతి పనివాళ్లకు ఉలి పని కొత్త కాదు. బెజవాడ పార్కులకు ఇది చక్కగా నప్పుతుందని గట్టిగా చెప్పొచ్చు.

తొట్టెకు నీరు ఎంత కావాలి? ఎండాకాలం రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరవుతాయనుకుంటే 10 మీటర్లకు 20 మీటర్ల కొలనులో రోజుకు 1,600 లీటర్లు పోతాయి. పోసిన నీటిలోని ఉప్పు మాత్రం అక్కడే ఉండిపోతుంది. బోరు నీళ్లే మళ్లీ మళ్లీ నింపుతూ పోతే నాజిళ్ల మూతుల్లో తెల్లటి పొలుసు కడుతుంది, జెట్ పక్కకు వంగుతుంది. నెలకోసారి కొంత నీటిని చెట్లకు వదిలేసి కొత్త నీరు పట్టాలి, నాజిళ్లను వెనిగర్ నీళ్లలో నానబెట్టి కడగాలి. పిల్లలు తడిసే చోట నీరంతా తరచుగా ఫిల్టరు గుండా తిరగాలి, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి, క్లోరిన్ లీటరుకు ఒకటి నుంచి మూడు మిల్లీగ్రాములు. నీటిలో దీపాలన్నీ 12 వోల్టులవే ఉండాలి, మోటారు లైనుకు 30 మిల్లీయాంపుల ట్రిప్ స్విచ్చి ఉండాలి. ఆ స్విచ్చి పదేపదే పడిపోతోందని దాన్ని తప్పించి వైరు కలపడం ప్రాణాల మీదికి తెస్తుంది. అది పడుతోందంటే ఎక్కడో కరెంటు నీళ్లలోకి కారుతోందని అర్థం.

పచ్చిక మరీ ఖరీదు. మే నెలలో చదరపు మీటరుకు రోజుకు అయిదు లీటర్లు వేసుకున్నా ఎకరానికి 20,000 లీటర్లు, అంటే నాలుగు ట్యాంకర్లు. శుద్ధి చేసిన మురుగునీటితో డ్రిప్ వేయొచ్చు, ఫిల్టరు వారానికోసారి కడగకపోతే చుక్కలు పడే రంధ్రాలు మూసుకుపోతాయి. పచ్చికను జనం కూర్చునే ఒక్క ముక్కకే పరిమితం చేసి మిగతా అంతా చెట్ల నీడకు ఇవ్వాలి. మీటరు పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంటలో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నాటాలి. మొదటి రెండు వేసవులు మూడు రోజులకోసారి నలభై లీటర్లు పోస్తే పొగడ నిలదొక్కుకుంటుంది. చెట్టు మొదలుకు ఆనించి టైల్స్ పరిచిన పార్కులో ఒక చెట్టు దగ్గర వంగి చూడండి. కాండం ఉబ్బి సిమెంటును ఒరుసుకుంటూ ఉంటుంది, టైలు ఒక మూల లేచి ఉంటుంది, ఆ సందులో తప్ప చెట్టుకు నీరందే దారి లేదు. నల్లరేగడి ఉన్న చోట టైల్స్ కింద కనీసం అర అడుగు కంకర, ఇసుక లేకపోతే వేసవిలో నేల బీటలిచ్చి, వానల్లో ఉబ్బి, పరుపంతా వంకరపోతుంది.

నాలుగో రోజు: భవానీ ద్వీపం

పున్నమి ఘాట్ నుంచి పడవ. ద్వీపం 133 ఎకరాలు. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద వనభోజనం మన అలవాటు కాబట్టి తోటకు ఇంతకన్నా సహజమైన వాడకం లేదు. చిక్కల్లా ఉసిరితోనే: మొదట్లో నీరు నిలిస్తే తట్టుకోలేదు. ద్వీపంలో నాటితే మూడడుగుల మట్టి దిబ్బ మీద నాటాలి. పల్లంలో తెల్లమద్ది, కానుగ, నేరేడు వేయాలి, ఇవి కొన్నాళ్లు నీళ్లలో నిలిచినా కోలుకుంటాయి. పొయ్యిలు చెట్టు గొడుగు అంచుకు అవతల ఇటుకలతో కట్టి ఉంచాలి. లేకపోతే ప్రతి గుంపూ వేళ్ల మీదే నిప్పు పెడుతుంది.

2024 సెప్టెంబరు తొలి రోజుల్లో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) వరద నమోదైంది, ద్వీపం మునిగింది. కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మల్ని, దెబ్బతీశాయి. నీటి ఒడ్డు పార్కులో పడవ కట్టే స్తంభం అలంకారం కాదని అప్పుడు తేలిపోయింది. తాడు నీటిమట్టంతో పాటు పైకి జారేలా నిలువు గొట్టానికి కడియం వేసి కట్టాలి. బిగించి కట్టిన తాడు నీరు పెరిగితే తెగుతుంది, లేదా పడవను ముంచుతుంది.

మునిగిన తోటలో ముందు చూడాల్సింది చెట్టు మొదలు. జానెడు ఒండ్రు పేరుకుంటే వేళ్లకు గాలి ఆడదు, ఆకులు నెల తర్వాత పండిపోవడం మొదలవుతాయి. అప్పుడు కారణం ఎవరికీ తట్టదు. మొదలు చుట్టూ మీటరు మేర పాత నేల తగిలేదాకా పారతో తీసేయాలి. పచ్చిక మీద రెండు వేళ్ల మందం దాకా ఒండ్రును గీకేస్తే గడ్డి మళ్లీ లేస్తుంది. అంతకు మించితే దున్ని కొత్తగా వేయడమే మేలు.

తిరుగు ప్రయాణంలో కృష్ణలంక రక్షణ గోడ మీద కాసేపు ఆగండి. ఆ వరదలో లోపలి ఇళ్లను కాపాడింది ఈ గోడే. దీనికి నది వైపున వేసే ఏ తోటకైనా దిగువ ఘాట్లకు చెప్పిన నియమాలే వర్తిస్తాయి. గోడ మీద వరద మట్టాన్ని సంవత్సరంతో సహా పెద్ద అంకెల్లో రాస్తే పిల్లలకు కూడా నది కొలత తెలుస్తుంది.

అయిదో రోజు: సింగ్‌నగర్ వైపు

అదే 2024లో బుడమేరు వాగుకు గండ్లు పడి, ఊళ్లోని సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. పల్లపు పార్కులతో ఆ వరద ఆగుతుందనే మాట తరచుగా వినపడుతుంది. లెక్క వేయండి. రెండున్నర ఎకరాల మైదానాన్ని మీటరు లోతు చేస్తే దాదాపు కోటి లీటర్లు పడతాయి. వెయ్యి క్యూసెక్కుల ప్రవాహం దాన్ని ఆరు నిమిషాల్లో నింపేస్తుంది. బుడమేరుకు గట్లు, మళ్లింపు కాలువ, ఆక్రమణలు లేని దారి తప్ప మందు లేదు.

వీధి వానకు మాత్రం పల్లపు పార్కు నిజంగా పనిచేస్తుంది. వెయ్యి చదరపు మీటర్ల రోడ్డు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే, తడికీ ఇంకడానికీ కొంత పోగా వచ్చేవి సుమారు 42,500 లీటర్లు. ఆ లెక్కన పైన చెప్పిన మైదానం చుట్టుపక్కల చాలా వీధుల నీటిని కొన్ని గంటలు పట్టి ఉంచగలదు. మామూలు రోజుల్లో అక్కడే పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు. అంచులు నిలువు గోడలు కాకుండా అయిదడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా ఉండాలి, బయటికి పోయే పైపు అన్నిటికన్నా పల్లంలో ఉండాలి, నీరు రెండు రోజుల్లో పూర్తిగా దిగిపోవాలి. దోమ గుడ్డు పెట్టి, పిల్ల రెక్కలు తొడిగి లేవడానికి ఈ వేడిలో వారం చాలు. బయటికి పోయే పైపు మూతికి గుమ్మటంలా పైకి లేచిన జాలి పెట్టాలి. బల్లపరుపు జాలి మొదటి పది నిమిషాల్లోనే ఆకులతో, పాల ప్యాకెట్లతో మూసుకుపోతుంది. గుమ్మటపు జాలికి కింద చెత్త చుట్టుకున్నా పై కమ్మీల్లోంచి నీరు దిగుతూనే ఉంటుంది. రోడ్డు నీరు లోపలికి వచ్చే చోట రెండడుగుల లోతున మట్టి దిగే తొట్టె కట్టి, అందులో పేరుకున్న మట్టిని జూన్ మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు చివర్లో ఒకసారి ఎత్తి పోయాలి.